కిటికీ పక్కన మూడో సీటు

జూన్ 9, సోమవారం. ఉదయం 6.10

మళ్ళీ అదే కల. పది రోజుల్లో నాలుగోసారి.

బెంగళూరు ఆఫీసు. గేటు దగ్గర సెక్యూరిటీ నంజప్ప చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. లిఫ్టులో నాలుగో అంతస్తు. గాజు తలుపు తోసి ఎడమకు తిరిగాను. కిటికీ పక్కన మూడో సీటు నాది. కిటికీలోంచి ఎదురు బిల్డింగ్ మీద నీళ్ళ ట్యాంకు, దాని మీద ఆరేసిన నీలం దుప్పటి. టీమ్ లీడ్ కృష్ణప్రియ గారు కుర్చీ ఇటు తిప్పి, పుణ్యవతీ, వచ్చావా అన్నారు. అంతే. ఈ కలలో ఇంకేమీ జరగదు. ఎవరూ ఏమీ అడగరు. నా పని నేను చేసుకుంటూ ఉంటాను. టేబుల్ కింద ఒక పిల్లి నా చెప్పుల మీద పడుకుని ఉంటుంది.

మెలకువ వచ్చాక ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు ఉండే దిగులు. హాస్టల్లో ఊడవడానికి వచ్చే రుక్కమ్మ చీపురు పట్టుకుని నా మంచం దగ్గరే నిలబడి ఉంది. నిద్రల నవ్వుతవ్, లేచినంక మూతి ముడుస్తవ్, గిదేం అలవాటమ్మా అంది.

తమాషా ఏమిటంటే నేను బెంగళూరు ఎప్పుడూ వెళ్ళలేదు.

జూన్ 10, మంగళవారం. సాయంత్రం

నిన్న రాసింది చదువుకుంటే నాకే పిచ్చిగా అనిపించింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఒక్కసారి వరసగా రాసి పారేస్తాను.

2016లో బీటెక్ అయింది. క్యాంపస్‌లో రాలేదు. మూడేళ్ళు పెద్దాపురంలో ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్, డీటీపీ షాపులో టైపు కొట్టాను. ఓనరు బుల్లిబాబు గారు. 2019లో హైదరాబాద్ వచ్చాను. మూడేళ్ళు గ్యాప్ ఉన్నవాళ్ళని ఇంటర్వ్యూకి కూడా పిలవరని, జిరాక్స్ షాపు అని రాస్తే నవ్వి పక్కన పడేస్తారని మూసాపేటలో కన్సల్టెన్సీ నడిపే రమేష్ సార్ చెప్పారు. ఆ మూడేళ్ళు తీసేసి వాటి స్థానంలో ఒక బెంగళూరు కంపెనీ పెట్టారు. దాని పేరు రాయను, డైరీలో కూడా భయమే. కాగితాల మీద తప్ప ఎక్కడా లేని కంపెనీ. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, నా ఫొటోతో ఐడీ కార్డు, అన్నీ చేతికొచ్చాయి.

ఫేక్ పెట్టేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. కాగితాలిచ్చి నీ చావు నువ్వు చావమంటారు. రమేష్ సార్ అలా కాదు. మెట్రో స్టేషన్ పక్క సందులో ఆయన ఫ్లాటు. పదకొండు మందిమి, ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున జావా, మధ్యాహ్నం ప్రాజెక్టు, సాయంత్రం నాలుగింటికి ఆఫీసు. కళ్ళు మూసుకోమనేవారు. గేటు దగ్గర ఎవరు? నంజప్ప. ఎన్నో అంతస్తు? నాలుగు. తలుపు తోస్తే ఎటు? ఎడమకు. నీ సీటు? కిటికీ పక్కన మూడోది. కిటికీలోంచి ఏం కనబడుతుంది? ఎవరైనా తడబడితే అందరం మళ్ళీ గేటు నుంచి రావాలి. అబద్ధం చెబుతున్నట్టు ఉండకూడదు, గుర్తు చేసుకుంటున్నట్టు ఉండాలి అనేవారు. నలభై రోజులు అలా రోజూ ఆ నాలుగో అంతస్తుకి వెళ్ళాం.

ఇంటర్వ్యూలో ఇవేవీ ఒక్కరూ అడగలేదు. జావా అడిగారు. చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఆరేళ్ళయింది. ఎవరూ అడగని ఆ జవాబులన్నీ ఇప్పుడు నిద్రలో బయటికొస్తున్నాయి కాబోలు. పిల్లి మాత్రం రమేష్ సార్ సిలబస్‌లో లేదు. అది నా సొంతం.

జూన్ 13, శుక్రవారం. లంచ్

మా ఆఫీసులో ఎవరికీ సొంత సీటు లేదు. రోజూ యాప్‌లో బుక్ చేసుకోవాలి. ఈరోజు తొమ్మిదో అంతస్తులో ఏసీ కింద దొరికింది. పక్కనతను నాలుగు గంటలు హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. నేనూ తియ్యలేదు. నా హెడ్‌ఫోన్స్‌లో ఏమీ రావడం లేదు.

ఇక్కడ నా పేరు పుణ్య. మా నాయనమ్మ పేరులో సగం ఎక్కడ పోయిందో ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు. పూర్తి పేరుతో పిలిచేది కృష్ణప్రియ గారొక్కరే. ఆవిడేమో లేదు.

షాపు ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. మూడేళ్ళు నిజంగా కూర్చున్న కుర్చీ రాదు. కళ్ళు మూసుకుని కూర్చున్న కుర్చీ వస్తుంది. దీని అర్థం ఏమిటో ఫోన్‌లో వెతికితే గ్రహశాంతి చేయించుకోమని వచ్చింది.

జూన్ 18, బుధవారం

ఈరోజు గుండె ఆగినంత పనైంది.

కొత్తగా చేరిన అబ్బాయికి కొండాపూర్‌లో టీమ్ లంచ్. పేరు లోహిత్, నరసరావుపేట వాడు, ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. మేనేజర్ అందరి ముందూ పరిచయం చేస్తూ, ఇంతకు ముందు బెంగళూరులో ఫలానా కంపెనీ అని చెప్పాడు. అదే కంపెనీ. నాదే. మేనేజర్ అక్కడితో ఆగలేదు. అరె, పుణ్య కూడా అక్కడి నుంచే కదా అన్నాడు.

ఆ పిల్లవాడి మొహం బిర్యానీలో అన్నంలా తెల్లబడింది. నా మొహం నాకు కనబడలేదు కాబట్టి రాయలేను. అందరూ మా ఇద్దరి వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలి. నంజప్ప ఇంకా ఉన్నాడా అని అడిగాను.

అతను నీళ్ళు తాగి, ఉన్నాడండీ, పోయినేడు కూతురి పెళ్ళి కూడా చేశాడు అన్నాడు.

జూన్ 20, శుక్రవారం

వీడు రమేష్ సార్ స్టూడెంటే. అనుమానం లేదు. టీ తాగుతుంటే కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు, నీలం దుప్పటి అంటూ మొదలుపెట్టాడు. కాగితాల మీద నేను మానేసింది 2019లో, అతను చేరింది 2021లో. రెండేళ్ళయినా ఆ దుప్పటి ఆరలేదన్నమాట. కొత్త బ్యాచ్‌కి కనీసం రంగైనా మార్చలేదు రమేష్ సార్.

నవ్వు ఆపుకోలేక ఆడవాళ్ళ రెస్ట్‌రూమ్‌లోకి పోయి నవ్వాను. ఈ బిల్డింగ్‌లో నవ్వడం ఇదే మొదలేమో.

నేనూ అదే బాపతని అతనికి తెలియదు. నన్ను అసలు మనిషి అనుకుంటున్నాడు.

జూన్ 27, శుక్రవారం. సాయంత్రం

వారం నుంచీ రోజూ సాయంత్రం టీ. కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి. నేను వెనకేసుకున్న జ్ఞాపకాలు కొన్ని, అతను కల్పించినవి కొన్ని. కృష్ణప్రియ గారి కోపం, శుక్రవారం సెట్ దోసె, లిఫ్టు చెడిపోయిన రోజు. ఈరోజు పరీక్ష పెట్టాలనిపించింది. టేబుళ్ళ కింద తిరిగే పిల్లి గుర్తుందా అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అయ్యో, ఎందుకు గుర్తులేదండీ, కృష్ణప్రియ గారు దానికి పెరుగన్నం పెట్టేవారు కదా అన్నాడు.

నా పిల్లికి అన్నం పెట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీ వేడిగా ఉందని చెప్పాను.

ఇద్దరికీ లేని ఒక చోటు గురించి ఇలా మాట్లాడుకోవడం ఏమిటని సిగ్గేస్తోంది. కానీ ఈ ఊళ్ళో నాతో పంచుకోవడానికి గతం ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

జూన్ 28, శనివారం. ఉదయం

కలలో పిల్లి పెరుగన్నం తింటోంది.

జూన్ 29, ఆదివారం

బట్టలుతికి మేడ మీద ఆరేస్తుంటే ఒక నీలం దుప్పటి కూడా ఉంది, రూమ్మేట్‌ది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కావాలని కళ్ళు మూసుకుని, రమేష్ సార్ చేయించినట్టు, షాపులోకి నడవడానికి ప్రయత్నించాను.

షట్టరు. రెండు మెట్లు. కుడివైపు జిరాక్స్ మెషిన్, దాని వేడి. నా కీబోర్డు మీద అ, ర, ల ఉన్న మీటలు అరిగిపోయి నున్నగా. కౌంటరు మీద మందపాటి అద్దం. బుల్లిబాబు గారికి ముఖ్యమైనది ఏదైనా అద్దం కిందికి పోవాల్సిందే. బస్సు టైములు, కరెంటాఫీసు నంబరు, కుల ధ్రువీకరణ పత్రం నమూనా, వీఆర్వో గారి సెల్ నంబరు. నోటితో చెప్పింది గాలికి పోతుంది, అద్దం కింద పెట్టింది ఉంటుంది అనేవారు. నేను కొట్టిన అర్జీలంటే ఆయనకి గొప్ప. మా పుణ్యవతమ్మ రాస్తే ఎమ్మార్వో గారు రెండోసారి చదవక్కర్లేదు అని కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ముసలమ్మలు క్యూలో నిలబడి మరీ నా దగ్గరే రాయించుకునేవారు. నా జీవితంలో నన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చిన మూడేళ్ళు అవి.

2019లో ఉద్యోగం వచ్చాక ఆయనకి ఫోన్ చేశాను. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే నేను మీ దగ్గర పని చెయ్యలేదని చెప్పండి అన్నాను. ఆయన, నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అమ్మా అని అడిగారు. లేదండి, ఉద్యోగం కోసం అన్నాను. అయితే సరేనమ్మా, పని చెయ్యలేదు అన్నారు.

ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఆరేళ్ళు.

జూలై 3, గురువారం

మా కంపెనీని వేరేవాళ్ళు కొనేశారు. అందరికీ కొత్తగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అట. ఐదేళ్ళు దాటినవాళ్ళకి పాత రిపోర్టే చాలు, పోర్టల్‌లో పాత వివరాలు నింపే ఉంటాయి, చూసి కన్ఫర్మ్ నొక్కాలి. కొత్తవాళ్ళు మాత్రం పాత జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవ్వాలి. తప్పని తేలితే టర్మినేషన్. గడువు పద్దెనిమిదో తారీఖు.

నేను ఒక్క టిక్కు పెడితే గట్టెక్కుతాను. లోహిత్ ఈరోజు టీకి రాలేదు.

జూలై 10, గురువారం

వచ్చాడు. రాజీనామా పేపరు పెట్టేశానని చెప్పాడు. పట్టుకుని తీసేసేకన్నా పోవడమే నయమన్నాడు. తర్వాత కప్పులోకి చూస్తూ, మీతో ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానండీ, నేను ఆ కంపెనీలో ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు, నన్ను క్షమించండి అన్నాడు. మూసాపేట, రమేష్ సార్, కళ్ళు మూసుకోవడం, అంతా చెప్పాడు. నాకు తెలియనిది ఒక్కటీ లేదు.

నేనూ అక్కడే నేర్చుకున్నాను లోహిత్. ఈ నాలుగు మాటలు అనాలి. నోటి దాకా వచ్చాయి.

అప్పుడు అతను ఒక మాట అడిగాడు. మీరు నిజంగా ఉన్నారు కదండీ, ఆ కిటికీలోంచి ట్యాంకు నిజంగానే కనబడేదా, నాకు చాలాసార్లు కలలోకి వస్తుంది అన్నాడు.

కనబడేది అన్నాను. దుప్పటి కూడా ఉండేదన్నాను. అతను తల ఊపాడు. మొహంలో ఒకరకమైన తృప్తి. కప్పు డస్ట్‌బిన్‌లో వేసి, నమస్కారం పెట్టి, మెట్రో వైపు వెళ్ళిపోయాడు.

ఎందుకు చెప్పలేదో రాయాలి. భయం కొంత. అది పెద్ద కారణం కాదు. ఈ ప్రపంచంలో నన్ను ఒరిజినల్ అని నమ్మిన మనిషి అతనొక్కడే. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఒక్కడు మనసు విప్పి ఎదురుగా నిలబడితే, అతని ముందు కూడా నేను ఆ నాలుగో అంతస్తులోనే కూర్చున్నాను. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

జూలై 11, శుక్రవారం

యాప్‌లో లోహిత్ నిన్న కూర్చున్న సీటు ఖాళీ. నేను బుక్ చేసుకున్నాను.

జూలై 16, బుధవారం. ఉదయం 11.20

ఆరు రోజులుగా కల లేదు. తలుపు మూసేశారేమో.

పోర్టల్ తెరిచి గంటయింది. అన్నీ నింపే ఉన్నాయి. బెంగళూరు కంపెనీ, 2016 నుంచి 2019, పక్కన ఆకుపచ్చ టిక్కు. కింద రెండు బటన్లు. కన్ఫర్మ్, ఎడిట్.

లోహిత్‌ని ఆ రోజు వదిలేశాను. ఇప్పుడు అతని నంబరు కలవడం లేదు. ఇక చెప్పడానికి ఈ పోర్టల్ తప్ప ఎవరున్నారు?

11.45

ఎడిట్ నొక్కాను. శ్రీ సత్యదేవ జిరాక్స్ అండ్ డీటీపీ, ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా, పెద్దాపురం. హోదా: డీటీపీ ఆపరేటర్. రిఫరెన్స్: బుల్లిబాబు గారు, ఆయన నంబరు. ఒక్క స్పెల్లింగ్ కూడా తప్పలేదు. సబ్మిట్.

ఉద్యోగం పోతుంది. ముప్పై ఒకటో ఏట మళ్ళీ మొదటి మెట్టు. పోనీ.

ఆయనకి ఫోన్ చేసి ముందే చెబుదామా అనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత ఏ మొహంతో చెయ్యను. అయినా నిజమే కదా, నిజానికి ముందుగా చెప్పి పెట్టాల్సింది ఏముంది.

జూలై 20, ఆదివారం

రుక్కమ్మ ఈమధ్య మంచిగ పంటున్నవమ్మా అంది. పడుకోవడం లేదని ఆమెకి తెలియదు. కళ్ళు మూసుకుని ఉంటున్నానంతే. హాస్టల్ ఖాళీ చెయ్యాలంటే నెల ముందు చెప్పాలట.

జూలై 28, సోమవారం

హెచ్ఆర్ నుంచి పిలుపు. ఐడీ కార్డు మెళ్ళోంచి తీసి చేతిలో పట్టుకునే వెళ్ళాను, అడగకముందే ఇచ్చేద్దామని.

యశస్విని అని, ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి, గోపన్‌పల్లి అమ్మాయి. మొదట అంతా ఇంగ్లీషులో చెప్పింది. నేను మార్చిన వివరం వెరిఫికేషన్ చేసే ఏజెన్సీకి పంపారు. వాళ్ళు ఆ నంబరుకి ఫోన్ చేశారు. అక్కడాయన, ఆ పేరుతో తన దగ్గర ఎవరూ ఎప్పుడూ పని చెయ్యలేదని చెప్పారు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే చెప్పారు. కాబట్టి నా ఎడిట్ రిజెక్ట్ అయింది. పాత రికార్డే నిలబడింది.

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. తర్వాత అర్థమైంది.

నేను నిజంగా అక్కడే పని చేశానని చెప్పాను. ఆ అమ్మాయి లేచి తలుపు వేసి వచ్చింది. ప్రూఫ్ ఉందా అని అడిగింది. లేదు. జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. ఒక్క కాగితం లేదు, ఉన్న ఒక్క ఫొటో నేనే ఫేస్‌బుక్‌లోంచి తీసేశాను. బెంగళూరుకైతే అన్నీ ఉన్నాయి, ఐడీ కార్డుతో సహా.

అక్కా, ఇగ దీన్ని కదపకు అంది యశస్విని. గ్రీన్ ఉన్నదాన్ని ఎందుకు రెడ్ చేసుకుంటవ్, నువ్వు గీ ముచ్చట నాకు చెప్పలే, నేను వినలే, ఆటోఫిల్‌ల తప్పు వడ్డదని రాసిన, పో, మంచిగ పని చేస్కో అంది. దయగానే అంది. కన్ఫర్మ్ నొక్కమని లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

నొక్కాను.

ఐడీ కార్డు మళ్ళీ మెళ్ళో వేసుకున్నాను. లిఫ్టులో ఇంకో ఎనిమిది మంది ఉన్నారు, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. ఉద్యోగం దక్కింది. నాదే ఏదో పోయినట్టుంది.

జూలై 29, మంగళవారం. ఉదయం 10.00

సెలవు పెట్టి బుల్లిబాబు గారికి ఫోన్ చేశాను. ఎవరండీ అన్నారు. గొంతు బాగా ముసలిదైపోయింది. పుణ్యవతిని అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, ఎక్కడి నుంచి చేస్తన్నావమ్మా, ఆఫీసు నుంచా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరండి అన్నాను. అప్పుడు పుణ్యవతమ్మా అన్నారు. ఆరేళ్ళ తర్వాత నా పేరు పూర్తిగా విన్నాను, మెలకువలో.

ఆయనే చెప్పుకొచ్చారు. మొన్నామధ్య వచ్చిందమ్మా ఆ ఫోను. ముందు ఇంగ్లీషులో అడిగాడు, తర్వాత తెలుగులో అడిగాడు. ఆరేళ్ళ నుంచి ఎప్పుడొస్తుందా అని చూస్తన్నాను కదా, అస్సలు తడబడలేదు. ఆ పేరే వినలేదండీ అన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే అన్నాను. నేను షాపులో లేనప్పుడు ఎవరెత్తినా అదే చెప్పాలని అద్దం కింద చీటీ కూడా పెట్టానమ్మా, అప్పుడే, నువ్వు చెప్పిన రోజే. పుణ్యవతి ఇక్కడ పని చెయ్యలేదు, అని. ఇంకా ఉంది, కనబడతానే ఉంది నాకు.

నేను ఏడుస్తున్నానని తెలియకుండా ఫోన్ దూరంగా పెట్టాను.

నీ ఉద్యోగానికి ఏం ఇబ్బంది రాలేదు కదా అని అడిగారు. రాలేదండి, మీవల్లే నిలబడింది అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డారంటే, నేను చెప్పాలనుకున్నది ఇక చెప్పలేకపోయాను. ఆ చీటీ తీసెయ్యండి అనలేకపోయాను. ఎక్కువసేపు మాట్లాడకమ్మా, ఈ ఫోన్లు కూడా వింటారంట అని ఆయనే పెట్టేశారు.

నేను అక్కడ మూడేళ్ళు ఉన్నానని చెప్పడానికి ఒకే ఒక్క కాగితం మిగిలింది. ఆ చీటీయే. అక్కడ లేనిదాని పేరు అద్దం కింద ఎవరు పెట్టుకుంటారు?

ఆగస్టు 3, ఆదివారం. ఉదయం 5.50

కల వచ్చింది. నాలుగో అంతస్తు. గాజు తలుపు పక్కన సోఫాలో బుల్లిబాబు గారు, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గుడ్డ సంచి. ఈయన నీకు తెలుసా అని కృష్ణప్రియ గారు నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపు, తెలీదండీ అని ఆయనే అన్నారు.

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. థాంక్యూ మేడమ్ అన్నారు.